ఏ ర్యామ్ కొనాలో తెలియని వాళ్లకి క్రూషియల్ సిస్టమ్ స్కానర్: మా బాబాయి చేత వాడించి రాస్తున్న రివ్యూ

ఇది రెండింటి రివ్యూ. ఒకటి ర్యామ్ అమ్మిన క్రూషియల్ అనే బ్రాండు సైటులో ఉచితంగా దొరికే సిస్టమ్ స్కానర్ అనే చిన్న ప్రోగ్రాం, రెండోది అది చెప్పింది చూసి కొన్న 8జీబీ డీడీఆర్4 (అంటే నాలుగో తరం) ల్యాప్‌టాప్ ర్యామ్ స్టిక్కు, ర్యామ్ అంటే కంప్యూటర్ పని చేస్తున్నప్పుడు సరుకు తాత్కాలికంగా పెట్టుకునే మెమరీ. స్టిక్కు గురించి పెద్దగా చెప్పడానికి ఏమీ లేదు, పెట్టాం, పనిచేస్తోంది, ర్యామ్ నుంచి అంతకన్నా ఎవరూ కోరుకోరు. చెప్పాల్సిందంతా స్కానర్ గురించే. కంప్యూటర్ గురించి ఏమీ తెలియని మనిషికి ర్యామ్ పెంచుకోవడంలో భయం వేసేది ల్యాప్‌టాప్ విప్పడం అనుకుంటాం గానీ, అంతకు చాలా ముందే, ఏ స్టిక్కు కొనాలి అన్న దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఆ మెట్టు ఇది సునాయాసంగా దాటిస్తుంది. ఆ తర్వాతి మెట్టు మాత్రం మన చావు మనదే.

రోజూ ఇవే పనులు చేసేవాడు వాడి బాగుందంటే ఎవరికీ ఉపయోగం లేదు కాబట్టి దీన్ని మా బాబాయి చేత వాడించాను. ఆయన ఖమ్మంలో ఎల్ఐసీ ఏజెంటు. ల్యాప్‌టాప్‌తో ఆయన పనల్లా ప్రీమియం లెక్కలున్న ఎక్సెల్ షీట్లు, క్రోమ్‌లో ఒక డజను ట్యాబులు, వాట్సాప్ వెబ్, అప్పుడప్పుడు జూమ్ మీటింగు. డెల్ ల్యాప్‌టాప్, అందులో 4జీబీ ర్యామ్. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్టు ఆగిపోతోందని అందరూ చెప్పడంతో 11కి మారారు, అక్కడి నుంచి ఇక కష్టాలు మొదలు. విండోస్ 11కి కనీసం 4జీబీ ఉంటే చాలని మైక్రోసాఫ్ట్ రాసింది నిజమే, ఇన్‌స్టాల్ అవడానికి చాలు, పని చేసుకోవడానికి కాదు. ఎక్సెల్ తెరిచి క్రోమ్‌లోకి వెళ్తే క్రోమ్ తెల్లగా అయిపోవడం, వెనక్కి వస్తే ఎక్సెల్ "నాట్ రెస్పాండింగ్" అనడం. ఊళ్లో ఒక షాపులో చూపిస్తే "పాతదైపోయింది సార్, ఎక్స్‌చేంజ్‌లో కొత్తది తీసుకోండి" అన్నారట. ఇంకో చోట ర్యామ్ వేస్తామన్నారు గానీ ఏ కంపెనీ, ఏ స్పీడు, బిల్లులో రాసిస్తారా అంటే "అన్నిటికీ ఇదే వేస్తాం సార్" అని జవాబు.

అన్నిటికీ ఒకటే సరిపోయేటట్టయితే ఇంత గోల ఉండేదే కాదు. డెస్క్‌టాప్ స్టిక్కు పొడవుగా ఉంటుంది, ల్యాప్‌టాప్‌ది దాదాపు అందులో సగం. ల్యాప్‌టాప్ స్టిక్కుల్లో మళ్లీ డీడీఆర్3కి 204 పిన్నులు, డీడీఆర్4కి 260, డీడీఆర్5కి 262, పైగా పిన్నుల మధ్య ఉండే గాటు ఒక్కో తరానికి ఒక్కో చోట ఉంటుంది కాబట్టి ఒకదాని స్లాటులో ఇంకోటి దిగదు. డీడీఆర్3లోనే మామూలుది 1.5 వోల్టులది, ఎల్ అని చివర ఉన్నది 1.35 వోల్టులది, రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఆన్‌లైన్‌లో వెతికితే ఒకడు 3200 అని రాస్తాడు, ఇంకొకడు పీసీ4-25600 అని రాస్తాడు. రెండూ ఒకటే వస్తువు, మొదటిది సెకనుకు ఎన్ని మిలియన్ల సార్లు డేటా పంపుతుందో చెప్పే అంకె, రెండోది దాన్నే 8 బైట్లతో హెచ్చవేసిన లెక్క. ఈ సంగతి తెలిసినవాడికి అరనిమిషం పని. తెలియనివాడికి అమెజాన్ పేజీ మొత్తం కాలు కొలత తెలియకుండా చెప్పుల షాపులో నిలబడ్డట్టే ఉంటుంది.

స్కానర్ ఏం చేస్తుందంటే, సైటులోకి వెళ్లి షరతులకి ఒప్పుకున్నట్టు టిక్కు పెట్టి డౌన్‌లోడ్ చేసుకోవాలి. చిన్న ఫైలు, ఇన్‌స్టాల్ చేసే పని కూడా లేదు, డబుల్ క్లిక్ చేస్తే విండోస్ పర్మిషన్ అడుగుతుంది, సరే అంటే కాసేపటికి బ్రౌజర్‌లో మీ కంప్యూటర్ పేరుతో ఒక పేజీ తెరుచుకుంటుంది. ఇప్పుడు ఎంత ర్యామ్ ఉంది, ఎన్ని స్లాట్లు ఉన్నాయి, అందులో ఎన్ని ఖాళీ, ఈ మోడల్ గరిష్ఠంగా ఎంత తీసుకుంటుంది, కింద దానికి సరిపోయే స్టిక్కుల వరుస. అంతే. ఇందులో మాయ ఏమీ లేదు. ప్రతి ర్యామ్ స్టిక్కు మీద దాని వివరాలు రాసి ఉండే చిన్న చిప్పు ఒకటి ఉంటుంది, కంప్యూటర్ ఆన్ అయినప్పుడల్లా బయాస్ (విండోస్ కన్నా ముందు నడిచే ప్రోగ్రాం) ముందుగా దాన్నే చదువుకుని ఆ పట్టిక దాచిపెట్టుకుంటుంది. ఇలాంటి ప్రోగ్రాములు చేసేది ఆ పట్టికని తీసుకుని, మోడల్ పేరుతో తమ దగ్గరున్న జాబితాలో సరిచూడటం. మనం మూత విప్పి చూసి కనుక్కోవాల్సింది మూత విప్పకుండానే తెలుస్తుంది, గొప్పతనం అక్కడే ఉంది.

సైటులో ఇంకో దారి కూడా ఉంది. కంపెనీ పేరు, సిరీస్, మోడల్ ఒకదాని తర్వాత ఒకటి ఎంచుకుంటూ పోతే అదే ఫలితం వస్తుంది. ఫోన్‌లోంచి చూసుకోవాలన్నా, ల్యాప్‌టాప్ అసలు ఆన్ కాకపోయినా అదే గతి. కానీ కొత్తవాళ్లకి నేను ఆ దారి చెప్పను. మన దగ్గర ల్యాప్‌టాప్ మోడల్ ఏమిటంటే "హెచ్‌పీ 15" అంటారు, "ఐడియాప్యాడ్" అంటారు. ఆ పేరుతో ఏళ్ల తరబడి ఇంటెల్‌వి, ఏఎండీవి, రెండు స్లాట్లవి, ఒక స్లాటువి ఎన్నో వచ్చాయి. అసలు తేడా అంతా చివర ఉండే అక్షరాలు, అంకెల్లో ఉంటుంది, అవి ల్యాప్‌టాప్ అడుగున అరిగిపోయిన స్టిక్కరు మీద చీమ తలకాయంత సైజులో ఉంటాయి. బాబాయిని చదవమంటే కళ్లజోడు తెచ్చుకుని సర్వీస్ ట్యాగు చదివారు, తర్వాత అడాప్టరు నంబరు చదివారు. ఆ జాబితాలో వెతుక్కోవడం కన్నా స్కానర్ నడిపించడం వెయ్యి రెట్లు నయం.

ఆయన స్కానర్ నడిపిస్తున్నంతసేపూ నేను ఫోన్‌లో ఉన్నాను, కావాలనే ఏమీ చెప్పలేదు. ఒకే ఒక చోట ఆగారు, విండోస్ పర్మిషన్ అడిగినప్పుడు. "ఏరా, ఇదేదో మార్పులు చేస్తానంటోంది, యెస్ కొట్టనా? మళ్లీ నా ఎక్సెల్ పోతే?" అన్నారు. ఆ భయం న్యాయమైనదే, పాలసీదారుల వివరాలన్నీ అందులోనే ఉన్నాయి మరి. ఫైలు క్రూషియల్ సైటు నుంచే దింపుకున్నారని చూసుకుని కొట్టమన్నాను. గూగుల్‌లో వెతికితే పైన వచ్చే ప్రకటనల్లోంచి ఇలాంటివి దింపుకోవద్దని ఇంట్లో పెద్దవాళ్లకి ముందే చెప్పండి, ర్యామ్ స్కానర్ పేరుతో ఇంకేదో ఎక్కించుకునే ప్రమాదం ఉంది. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది, అక్కడితో ఆగిపోండి, దాన్ని విప్పే హక్కు కూడా ఎలాగూ మనకి లేదు.

ఫలితం పేజీ వచ్చాక మాత్రం నాకు నచ్చని సంగతులు ఉన్నాయి. మొదటిది, "ఎంత వరకు పెట్టొచ్చు" అన్నది చెప్తుంది గానీ "నీకు ఎంత కావాలి" అన్నది చెప్పదు. ల్యాప్‌టాప్ తీసుకునే గరిష్ఠం దాకా ఉన్న స్టిక్కులన్నీ కనిపిస్తే కొత్తవాళ్లు రెండు రకాలు, భయపడి అన్నిటికన్నా చవకది తీసుకునేవాళ్లు, ఎక్కువ ఉంటే మంచిదేగా అని పెద్దది తీసుకునేవాళ్లు. బాబాయి రెండో రకం. "32 పెట్టించేద్దాం, మళ్లీ మళ్లీ విప్పే పని లేకుండా" అన్నారు. ఎక్సెల్‌కీ క్రోమ్‌కీ 32 ఎందుకండీ. బ్రౌజరు, ఆఫీసు పనులు, వీడియో కాల్స్ చేసుకునేవాళ్లకి 8 నుంచి 16 మధ్యలో ఏదైనా హాయిగా సరిపోతుంది, ఆండ్రాయిడ్ స్టూడియో నడిపే ఇంజినీరింగ్ పిల్లలకైతే 16 ఉండాలి, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్ల సంగతి వేరు. ఈ రెండు వాక్యాలు ఆ పేజీలో ఉంటే ఎంత బాగుండేదో.

రెండోది ఇంకా ముఖ్యం. అసలు నెమ్మదికి కారణం ర్యామేనా అన్నది స్కానర్ చూడదు. దాని పని అది కాదు, ఒప్పుకుంటాను, కానీ డబ్బు పెట్టేవాడికి మొదటి ప్రశ్న అదే. దీనికి స్కానర్ అక్కర్లేదు. మీ పని మీరు మామూలుగా చేసుకుంటూ కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ. బాబాయి ల్యాప్‌టాప్‌లో ఏమీ తెరవకముందే ముప్పావు వంతు నిండి ఉంది, క్రోమ్ తెరిచాక 90 శాతం దాటింది. ర్యామ్ చాలకపోతే విండోస్ అందులోని సరుకుని కొంత తీసి డిస్కులో పెడుతుంది, మళ్లీ కావాల్సినప్పుడు వెనక్కి తెస్తుంది, మనకి హ్యాంగ్ అయినట్టు అనిపించేది ఈ రాకపోకల వల్లే. అలా కాకుండా మెమరీ సగమే నిండి ఉండి డిస్కు మాత్రం 100 శాతం దగ్గరే కూర్చుంటే, పైగా అది తిరిగే హార్డ్ డిస్కు అయితే, ర్యామ్ కొనకండి. ఆ డబ్బు ఎస్ఎస్‌డీకి (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కుకి) పెట్టండి. బాబాయిది అప్పటికే ఎస్ఎస్‌డీ, అందుకని ర్యామే సరైన మందు.

అదే మెమరీ పేజీలో కింద స్లాట్లు ఎన్ని వాడుకలో ఉన్నాయో, ఫామ్ ఫ్యాక్టర్ ఏమిటో రాసి ఉంటుంది. సోడిమ్ అని ఉంటే స్టిక్కు, విప్పి మార్చుకోవచ్చు. "రో ఆఫ్ చిప్స్" అని ఉంటే ఆ ర్యామ్ చిప్పులు మదర్‌బోర్డుకే సోల్డర్ చేసి ఉన్నాయని అర్థం. కొన్ని ల్యాప్‌టాపుల్లో కొంత ర్యామ్ బోర్డుకి అతికించి, పక్కన ఒక్క స్లాటు ఖాళీగా ఇస్తారు, వాటికి ఇంకా ఆశ ఉంది. పల్చటి ల్యాప్‌టాపుల్లో చాలావాటికి ఆ ఒక్కటి కూడా ఉండదు. యాపిల్ 2008లో మ్యాక్‌బుక్ ఎయిర్‌తోనే సోల్డరింగ్ మొదలుపెట్టింది, 2012లో రెటీనా మ్యాక్‌బుక్ ప్రోకి కూడా అదే చేసింది, 2020లో వచ్చిన ఎం1 నుంచి ర్యామ్ ప్రాసెసర్ ప్యాకేజీలోనే ఉంటుంది, వాటికి ఏ స్కానరూ ఏమీ చేయలేదు. కొనేటప్పుడే ఎక్కువ ర్యామ్ ఉన్నది తీసుకోవడం తప్ప దారి లేదు.

ఇక స్టిక్కు కొనడం. స్కానర్ ఇచ్చిన సలహా 8జీబీ డీడీఆర్4, 3200 స్పీడుది. ఖాళీగా ఉన్న రెండో స్లాటులో అది పెడితే పాత నాలుగుతో కలిపి 12 అవుతుంది. పార్సిల్ వచ్చిన రోజే బాబాయి నుంచి ఫోను, గొంతులో టెన్షన్. "దీని మీద 3200 అని ఉందిరా, నా పాతది 2666 అని చూపిస్తోంది, తప్పు పంపించినట్టున్నారు, రిటర్న్ పెట్టనా?" తప్పేమీ లేదు. వేర్వేరు స్పీడుల స్టిక్కులు పక్కపక్కన పెడితే రెండూ నెమ్మదైనదాని స్పీడుకి దిగి నడుస్తాయి, 3200ది 2666లో హాయిగా నడుస్తుంది. కానీ ఈ ఒక్క మాట చెప్పేవాళ్లు పక్కన లేకపోతే కొత్తవాడు కచ్చితంగా రిటర్న్ పెట్టేస్తాడు. ఆ ఒక్క ముక్క ప్యాకెట్ వెనకాల అచ్చేస్తే పోయేదేముంది? ప్లాస్టిక్ ప్యాకెట్‌లో స్టిక్కు తప్ప కొత్తవాడికి చేతికి పనికొచ్చేది ఇంకేమీ లేదు, స్క్రూడ్రైవర్ మనమే వెతుక్కోవాలి.

స్కానర్ సలహా ప్రకారం కొంటే సరిపోతుందని గ్యారంటీ అని క్రూషియల్ చెప్తూ వచ్చింది, అది తన సొంత సైటులో కొన్నవాటికి. మనం మామూలుగా ఆన్‌లైన్ మార్కెట్లోనో, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలోనో కొంటాం కాబట్టి ఆ గ్యారంటీ లెక్కలోకి రాదు, అమ్మినవాడి రిటర్న్ గడువే మనకి దిక్కు. స్టిక్కుకి మాత్రం లిమిటెడ్ లైఫ్‌టైమ్ వారంటీ ఉంది, బిల్లు దాచుకోండి.

ధర సంగతి ఎత్తితే ఏడుపొస్తుంది. 2025 మొదట్లో ఇలాంటి 8జీబీ స్టిక్కు రెండు వేల లోపే దొరికేది. ఆ ఏడాది చివరికి వచ్చేసరికి రెట్టింపు దాటింది, కారణం ఏఐ డేటా సెంటర్లు. శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్, ప్రపంచంలో ర్యామ్ చిప్పుల్లో అధిక భాగం ఈ మూడు కంపెనీలవే. ఏఐ సర్వర్లకి కావాల్సిన ఖరీదైన మెమరీలో లాభం ఎక్కువ కాబట్టి ఫ్యాక్టరీలు అటు తిరిగాయి, మన స్టిక్కులకి కరువొచ్చింది. క్రూషియల్ ఆ మైక్రాన్ బ్రాండే. అమెరికాలో బాయిసీ హెడ్డాఫీసుగా 1978 నుంచి ఉన్న కంపెనీ, మన హైదరాబాద్‌లో కూడా పెద్ద ఆఫీసు ఉంది, గుజరాత్ సాణంద్‌లో ప్లాంటు పెడతామని 2023లో ప్రకటించింది. అలాంటి కంపెనీ 2025 డిసెంబర్ 3న, మామూలు వినియోగదారులకి అమ్మే క్రూషియల్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నామని ప్రకటించేసింది. సరఫరా 2026 ఫిబ్రవరి దాకా, అమ్మినవాటికి వారంటీ సేవలు కొనసాగుతాయి అని చెప్పింది. దాదాపు ముప్పై ఏళ్లు ఇళ్లల్లో కంప్యూటర్లకి ర్యామ్ అమ్మిన బ్రాండు అది. నాకు నిజంగానే బాధేసింది, స్టిక్కుల కోసం కాదు, స్టిక్కులు ఇంకొకడు అమ్ముతాడు, ఇంత ఓపిగ్గా కొత్తవాళ్ల కోసం దారి వేసినవాళ్లు తక్కువ కాబట్టి.

అందుకని ఇప్పుడు స్కానర్ వాడేవాళ్లకి నా సలహా ఒకటే, అందులో కనిపించే బ్రాండు పేరు మర్చిపోయి వివరాలు రాసుకోండి. ఏ తరం డీడీఆర్, ల్యాప్‌టాప్ సైజా డెస్క్‌టాప్ సైజా, ఎంత స్పీడు, స్లాటుకి గరిష్ఠంగా ఎంత. ఈ నాలుగూ కాగితం మీద ఉంటే ఏ షాపుకైనా వెళ్లి ఏ మంచి కంపెనీదైనా అడిగి తీసుకోవచ్చు, "అన్నిటికీ ఇదే" అనేవాడికి సమాధానం కూడా చెప్పొచ్చు. కింగ్‌స్టన్ సైటులో కూడా మోడల్ పేరు కొట్టి వెతికే సదుపాయం ఉంది, అనుమానం ఉంటే రెండు చోట్లా సరిచూసుకోండి, రెండూ ఒకే మాట చెప్తే ఇక భయం లేదు.

ఇప్పుడు బిగించడం. స్కానర్ చేతులెత్తేసేది ఇక్కడే. మీ ల్యాప్‌టాప్ ఇదీ, మీకు ఈ స్టిక్కూ అని ఇంత కచ్చితంగా చెప్పింది, ఆ మోడల్ మూత ఎలా తీయాలో బొమ్మ కూడా చూపిస్తే ఎంత బాగుండేది? ర్యామ్ ఎలా పెట్టాలో చెప్పే మామూలు గైడ్లు ఉన్నాయి, కానీ అసలు చిక్కంతా ఒక్కో మోడల్ ఒక్కోలా విప్పాల్సి రావడంలో ఉంది. దీనికి డెల్, హెచ్‌పీ, లెనోవో మూడూ తమ సైట్లలో మోడల్ వారీగా సర్వీస్ మాన్యువల్ ఉచితంగా పెట్టాయి. బొమ్మలతో ఉంటుంది, ఏ స్క్రూ ఎక్కడ, ఏది ముందు అన్నీ ఉంటాయి. యూట్యూబ్ కన్నా ముందు అది చూడండి. హెచ్‌పీ వాటిలో కొన్నిటికి అడుగున రబ్బరు పట్టీల కింద కూడా స్క్రూలు దాక్కుని ఉంటాయి, అది తెలియక మూత లాగితే క్లిప్పులు విరుగుతాయి.

బాబాయి వీడియో కాల్‌లో ఫోను డబ్బా మీద నిలబెట్టి మొదలుపెట్టారు. షిఫ్ట్ పట్టుకుని షట్ డౌన్ కొట్టమన్నాను, మామూలుగా కొడితే విండోస్ పూర్తిగా ఆగదు. చార్జరు తీసేసి, మంచం మీద దుప్పటి మీద కాకుండా చెక్క బల్ల మీద పెట్టి, ముందు బీరువా తలుపు ముట్టుకోమన్నాను, ఒంట్లో ఉన్న స్టాటిక్ పోవడానికి. ఆయన నవ్వారు గానీ ముట్టుకున్నారు. స్టార్ స్క్రూడ్రైవర్ సరైన సైజుది కావాలి, కొంచెం పెద్దదైనా స్క్రూ తల అరిగిపోతుంది. తీసిన స్క్రూలు ఏ వరుసలో తీశామో అదే వరుసలో కాగితం మీద పెట్టుకోవాలి, అన్నీ ఒకే పొడవు ఉండవు. మూత అంచున పాత ఏటీఎం కార్డు దూర్చి నెమ్మదిగా తిప్పుకుంటూ పోతే క్లిప్పులు టపటపా ఊడతాయి, ఆ శబ్దానికి పిన్ని లోపలి నుంచి "ఏం విరగ్గొట్టారు?" అని కేకేసింది. లోపలికి వెళ్లాక మొదటి పని బ్యాటరీ కనెక్టరు ఊడదీయడం. ఇది దాటేసి ర్యామ్ పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, దాటేయకండి.

స్టిక్కుని అంచులతోనే పట్టుకుని, గాటు స్లాటులోని బొడిపెకి ఎదురుగా వచ్చేలా చూసి, ఏటవాలుగా లోపలికి తోయాలి. బంగారు రంగు పిన్నులు దాదాపు కనపడకుండా లోపలికి వెళ్లాకే కిందికి నొక్కాలి, రెండు పక్కలా కొక్కేలు టక్కుమని పడతాయి. కొత్తవాళ్లు ఇక్కడ చేసే పొరపాటు ఒక్కటే, విరిగిపోతుందేమో అని సగం తోసి వదిలేయడం. బాబాయి కూడా అలాగే పెట్టారు, ఇంకొంచెం గట్టిగా నొక్కమంటే "నీ ల్యాప్‌టాప్ అయితే నొక్కేవాణ్ణి" అన్నారు. సరిగ్గా కూర్చోకపోతే స్క్రీను నల్లగా ఉండిపోతుంది, డెల్ వాటిలో అయితే లైటు కాషాయం రంగులో రెండుసార్లు, తెల్లగా మూడుసార్లు వెలిగితే ర్యామ్ కనపడలేదని అర్థం, తీసి మళ్లీ పెట్టుకోవడమే. ర్యామ్ మార్చాక మొదటిసారి ఆన్ చేసినప్పుడు మామూలు కన్నా ఆలస్యం అవుతుంది, డీడీఆర్5 అయితే నిమిషాలు కూడా పట్టొచ్చు, కంగారుపడి పవర్ బటన్ నొక్కేయకండి. మూత పూర్తిగా బిగించకముందే ఒకసారి ఆన్ చేసి చూసుకుంటే మళ్లీ విప్పే పని తప్పుతుంది.

ఆన్ అయింది, టాస్క్ మేనేజర్‌లో 12 కనిపించింది, స్పీడు 2667 అని చూపించింది, అది ఆ 2666నే. అందులో కొంచెం గ్రాఫిక్స్ తీసుకుంటుంది కాబట్టి వాడుకోవడానికి 12 కన్నా తక్కువే కనిపిస్తుంది, మోసం ఏమీ కాదు. ఇంటెల్ వాటిలో 4, 8 ఇలా అసమానంగా పెట్టినా పాత నాలుగూ కొత్తదాంట్లో నాలుగూ జంటగా పనిచేస్తాయి, మిగతా నాలుగు ఒంటరిగా. రెండు సమానమైన స్టిక్కులైతే ఇంకొంచెం మేలు, గేములు ఆడేవాళ్లకి తేడా తెలుస్తుంది, ఎక్సెల్‌కి తెలియదు. రాత్రి పడుకోబోయే ముందు విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ పెట్టించాను, స్టార్ట్ మెనూలో ఆ పేరు కొడితే వస్తుంది, రీస్టార్ట్ అయి తనే పరీక్షించుకుంటుంది, తప్పులు లేవని వచ్చింది.

మార్పు ఏమిటంటే, క్రోమ్ ట్యాబుల మధ్య తిరిగితే మళ్లీ మొదటి నుంచి లోడ్ అవ్వడం పోయింది, జూమ్ నడుస్తుండగా ఎక్సెల్ తెరుచుకుంటోంది. మారనిది, ఆన్ అవ్వడానికి పట్టే సమయం. అది ర్యామ్‌తో తగ్గేది కాదు, కానీ "కొత్తదానిలా అయిపోతుంది" అని ఎవరో చెప్పారని ఆయన కొంచెం నిరాశపడ్డారు.

ఒకప్పుడు ల్యాప్‌టాప్ అడుగున ర్యామ్ కోసమే చిన్న తలుపు ఉండేది, ఒకటో రెండో స్క్రూలు తీస్తే చాలు. పల్చదనం మోజులో అది పోయింది. ఫ్రేమ్‌వర్క్ అనే అమెరికన్ కంపెనీ 2021 నుంచి అమ్ముతున్న ల్యాప్‌టాపుల్లో స్క్రూడ్రైవర్ పెట్టెలోనే ఇస్తుంది, లోపల భాగాల మీద క్యూఆర్ కోడ్లు ఉంటాయి, ఫోనుతో స్కాన్ చేస్తే ఎలా మార్చాలో వస్తుంది. కొత్తవాళ్లకి పని తేలిక చేయడమంటే అదీ. కానీ ఆ కంపెనీ కూడా 2025లో ప్రకటించిన డెస్క్‌టాప్‌లో ర్యామ్‌ని బోర్డుకి సోల్డర్ చేసేసింది, ఆ ప్రాసెసర్‌తో వేరే దారి లేదంది. మైక్రాన్ వాళ్లే 2024లో ఎల్‌పీక్యామ్2 అని, స్క్రూలతో బిగించే పల్చటి కొత్త రకం మాడ్యూల్ తెచ్చారు, లెనోవో థింక్‌ప్యాడ్ పీ1 ఏడో తరంలో వచ్చింది. అది మన బడ్జెట్ ల్యాప్‌టాపుల్లోకి దిగితే కథ మారొచ్చు.

మార్కులు వేయమంటే స్కానర్‌కి ఐదులో నాలుగున్నర, తెలుగులోనో హిందీలోనో ఉండి ఎంత కావాలో కూడా చెప్పి ఉంటే ఐదూ ఇచ్చేవాణ్ణి. స్టిక్కుకి నాలుగు, తగ్గిన ఒకటి ధరకి. క్రూషియల్ స్టాకు దొరికితే తీసుకోండి గానీ, మిగిలిపోయిన సరుకు పేరుతో ఎక్కువ చెప్తే పట్టుబట్టకండి, అవే వివరాలున్న కింగ్‌స్టన్‌దో ఏడేటాదో తీసుకున్నా మీ ల్యాప్‌టాప్‌కి తేడా తెలియదు. ఏది కొన్నా రిటర్న్ గడువు అయిపోయేలోపే బిగించి, ఆ డయాగ్నస్టిక్ ఒకసారి నడిపించి చూసుకోండి.